ఐసు మిషను, మా ఆయన ముక్కు

మా ఆయన నడుస్తుంటే చూసినా, భోంచేస్తుంటే చూసినా నాకు పెద్ద గొప్పేమీ కనిపించేది కాదు. అందరు మగాళ్ళలాగే నడిచేవారు, అందరికంటే కాస్త ఎక్కువ తినేవారు. ఐసు ఫ్యాక్టరీలో మిషను ఆపుతుండగా చూస్తే మాత్రం, నిన్న చారులో ఉప్పు తక్కువైందని కంచం పక్కకి తోసిన మనిషి ఈయనేనా అనిపించేది. ఇప్పటికీ ఎవరైనా ఆయన గురించి అడిగితే నాకు ముందు గుర్తొచ్చేది ఆ మిషను పక్కన నిలబడ్డ మనిషే.

ఇది డెబ్భైల చివరి మాట. మా పుట్టిల్లు ద్రాక్షారామం దగ్గర. వ్యవసాయం చేసుకునే కుటుంబం. యంత్రమంటే నాకు తెలిసింది రైసు మిల్లు ఒక్కటే. కాపురానికి నరసాపురం వచ్చాక, గోదావరి ఒడ్డున రేవుకి కాస్త ఎగువనున్న ఐసు ఫ్యాక్టరీలో మా ఆయన ఆపరేటరని తెలుసు గానీ అక్కడ ఆయన చేసే పనేమిటో తెలియదు. ఊళ్ళో మాత్రం అందరూ ఆయన్ని 'ఆపరేటరు గారు' అనేవారు. ఆ పిలుపు వినగానే ఆయన నడక మారిపోయేది. ఇస్త్రీ చొక్కా లేకుండా గడప దాటేవారు కాదు. గ్రీజు పూసుకునే ఉద్యోగానికి అత్తరు రాసుకుని వెళ్ళే మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

దసరా పూజకి మిషను ఆపి, కడిగి, బొట్లు పెట్టేవారు. ఆ రోజు ఇళ్ళల్లో ఆడవాళ్ళు కూడా రావచ్చని షావుకారు గారు కబురు పెడితే నేనూ వెళ్ళాను. షావుకారు గారంటే ఫ్యాక్టరీ యజమాని. బజార్లో వాళ్ళకి పెద్ద కిరాణా వ్యాపారం ఉండేది. ఫ్యాక్టరీలో అడుగుపెట్టగానే మనిషెత్తు మిషను, దానికి పెద్ద చక్రం, చక్రానికి మోటారు నుంచి బెల్టు, ఒకటే హోరు. స్విచ్చి కట్టేస్తే ఆగిపోతుంది కదా, ఇంతమంది ఎందుకు నిలబడి చూస్తున్నారని నేను మెల్లిగా అడిగాను.

"ఫ్యాననుకున్నావా?" అన్నారు మా ఆయన.

తర్వాత ఇంటికొచ్చి వివరంగా చెప్పారు. ఆ చెప్పడంలో గొప్ప లేకపోలేదు గానీ నాకు బాగానే అర్థమైంది. గొట్టాల్లో అమ్మోనియా తిరుగుతుంటుంది. ఉప్పునీళ్ళ తొట్టిలోంచి పోతూ అది వేడిని లాక్కుని గ్యాసవుతుంది. అందుకే ఆ తొట్టిలో దించిన డబ్బాల్లో మంచినీళ్ళు గడ్డకడతాయి. ఆ గ్యాసుని మిషను ఒక పక్కనుంచి లాక్కుని, గట్టిగా నొక్కి, రెండో పక్కకి తోస్తుంది. అక్కడ గొట్టాల మీద చన్నీళ్ళు కారుతుంటే గ్యాసు చల్లబడి, నీరులా మారి ట్యాంకులో చేరుతుంది. అక్కణ్ణుంచి మళ్ళీ తొట్టికి.

ఆపాలంటే ముందు ట్యాంకు దగ్గర వాల్వు కట్టేయాలి. మిషను నడుస్తూనే ఉంటుంది. గొట్టాల్లో మిగిలిన గ్యాసునంతా అదే లాగి ట్యాంకులోకి తోసేస్తుంది. మీటరులో ముల్లు మెల్లిగా దిగుతుంటుంది. ఆ ముల్లు దిగేదాకా మా ఆయన చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేవారు. ఎవరు పలకరించినా జవాబుండేది కాదు. ముల్లు అడుక్కి వచ్చాక లాగే వైపు వాల్వు కట్టేసి, అప్పుడు స్విచ్చి. చక్రం తిరిగి తిరిగి పూర్తిగా నిలబడ్డాకే తోసే వైపు వాల్వు. చక్రం తిరుగుతుండగా దాన్ని మూస్తే లోపలి గ్యాసుకి దారి ఉండదు, ఏదో ఒకటి పగులుతుంది. అంతా అయ్యాక కూడా మిషను తలమీద నీళ్ళు పారుతూనే ఉండాలి. అరచెయ్యి ఆనించి చూసి, చల్లబడిందని నమ్మకం కుదిరాకే ఆ నీళ్ళు కట్టేవారు. ఇంట్లో పసిపిల్ల జ్వరం చూడమంటే తలుపు దగ్గర్నుంచే "తగ్గిందిలే" అనే మనిషి, ఆ ఇనుము మీద చెయ్యి వేసి ఎంతసేపు నిలబడేవారో! నాకు ఒళ్ళు మండేది. అయినా కళ్ళు మాత్రం అటే ఉండేవి. అంత నిదానం, అంత శ్రద్ధ నేను పూజారుల దగ్గర కూడా చూడలేదు.

ఇక ఆయన ముక్కు సంగతి. అమ్మోనియా ఎక్కడైనా కాస్త కారుతోందేమో చూడడానికి గంధకం పుల్లలు ఉంటాయి. వెలిగించి గొట్టాల కీళ్ళ దగ్గర తిప్పితే, గ్యాసు ఉన్నచోట తెల్లటి పొగ లేస్తుంది. మా ఆయనకి అవంటే చిన్నచూపు. ముక్కు లేనివాళ్ళకి పుల్లలు అనేవారు. నిజంగానే ఆయన గుమ్మంలో నిలబడి ఓసారి గాలి పీల్చి, ఫలానా కీలు దగ్గర ప్యాకింగు మార్చాలని చెప్తే, విప్పి చూస్తే లోపం అక్కడే ఉండేదట. అలా అలా ఫ్యాక్టరీలో అదొక పద్ధతైపోయింది. పొద్దున్నే ఆయన లోపలికెళ్ళి వాసన చూసి "రండి" అంటేనే జట్టు కూలీలు ఐసు డబ్బాల దగ్గరికి వెళ్ళేవారు. ఎవరికైనా ముక్కు చురుక్కుమన్నా, ఆపరేటరు గారు గ్యాసు లేదంటే లేనట్టే. ఆపరేటరు గారు ఉందన్నాక తమకి తెలియకపోతే తమకే జలుబు చేసిందనుకునేవారు. మా జిల్లాలో మర్యాద ఎక్కువని అందరూ అంటారు. సొంత ముక్కు మీద నమ్మకం కూడా వదులుకునేంత మర్యాద మాత్రం నేను ఆ ఫ్యాక్టరీలోనే చూశాను.

ఎనభైలు వచ్చాయి. ఓ రోజు నేను పక్కింటి అరుగు మీద లేసు అల్లుతూ కబుర్లలో పడి పొయ్యి మీద పాలు మర్చిపోయాను. మాడు వాసన వీధిలోకి కొడితే పరిగెత్తాను. మా ఆయన వంటింటి గుమ్మం పక్కనే కుర్చీలో కూర్చుని పేపరు చదువుతున్నారు. గిన్నె నల్లగా అయిపోయింది. "చూడొద్దూ?" అంటే, పేపర్లో పడి గమనించలేదన్నారు. అప్పటికి నేనూ నమ్మాను.

తర్వాత అత్తరు ఎక్కువైంది. చొక్కా మీద ఇంత పోసుకుని, వాసన రావడం లేదు, కల్తీ సరుకని కొట్టువాణ్ణి తిట్టారు. నాకేమో ఆ ఘాటుకి తల తిరుగుతోంది. అప్పుడు అనుమానం గట్టిపడింది. ఆయనకి సాంబ్రాణి పొగ ససేమిరా పడదు. గదిలో నేను వెలిగిస్తే వీధిలోంచే కేకలేసేవారు. ఓ శుక్రవారం తలుపు చాటున సాంబ్రాణి వేసి, మంచి కాఫీ ఇచ్చి కూర్చోబెట్టాను. కాఫీ తాగారు, బాగుందన్నారు, గ్లాసు కింద పెట్టారు. ఆయన నా మొహం చూశారు, తలుపు చాటు నుంచి వస్తున్న పొగ చూశారు.

"పరీక్ష పెట్టావా?" అన్నారు.

కోపగిస్తారనుకున్నాను. కోపం రాలేదు. ఆ కోపమే వచ్చుంటే బాగుండేదని నాకు అనిపించింది. అన్నేళ్ళ గ్యాసు ఆయన ముక్కుని తినేసింది. మొదట ఒక్కో వాసన తగ్గి, తర్వాత అన్నీ పోయాయట. ఘాటు మరీ ఎక్కువైతే కళ్ళూ గొంతూ మండుతాయి గానీ, ఫ్యాక్టరీలో అది రోజూ ఉన్నదే కాబట్టి అలవాటైన మంట ఏదో, ప్రమాదం తెచ్చే మంట ఏదో తేడా తెలియడం లేదన్నారు. షావుకారు గారికి చెప్పేయండి అన్నాను. ఈ చేపల సీజను దాటనీ అన్నారు. చెప్తే మిషను దగ్గరికి రానివ్వరు. మిషను లేకపోతే నేనేమవుతాను అని అడిగారు. నాకు ఆయన తిండీ నిద్రా కోపమూ తెలుసు గానీ, ఆపరేటరు గారు కాని మా ఆయన ఎలా ఉంటారో నాకూ తెలియదు.

ఇక అప్పట్నుంచి ఆయన అందరికంటే ముందే ఫ్యాక్టరీకి వెళ్ళి, ఎవరూ లేనప్పుడు ఆ గంధకం పుల్ల వెలిగించి అన్ని కీళ్ళూ చూసుకునేవారు. తను వెక్కిరించిన పుల్లల్నే దొంగతనంగా జేబులో పెట్టుకెళ్ళడం చూస్తే నాకు నవ్వూ వచ్చేది, ఏడుపూ వచ్చేది. పగలు మాత్రం పుల్ల తియ్యలేరు. నలుగురూ చూస్తే ఇంకేముంది? అందుకని మధ్యాహ్నం క్యారేజీ నేనే తెస్తానన్నాను. రోజూ ఓ మనిషి వచ్చి పట్టుకెళ్ళే క్యారేజీని, గొడుగేసుకుని నేనే పట్టుకెళ్ళడం మొదలుపెట్టాను. గుమ్మంలో నిలబడి వాసన చూసేదాన్ని. తేడాగా ఉంటే కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకోవాలి, అదీ మా ఒప్పందం. మా వీధి అరుగుల మీద లేసు అల్లే ఆడవాళ్ళు, ఇన్నేళ్ళకి మొగుడి మీద ఇంత ప్రేమ పుట్టుకొచ్చిందేంటమ్మా అని ఒకటే ఆటపట్టించేవారు. ఆయన కూడా అందరి ముందూ మహరాజులా క్యారేజీ అందుకునేవారు. రెండుసార్లో మూడుసార్లో నేను కొంగు అడ్డం పెట్టాను. ఆయన ఏమీ ఎరగనట్టు తిరిగి, "కీళ్ళన్నీ ఓసారి చూడండ్రా" అన్నారు. ఆయన ముక్కుకి పేరు మరింత పెరిగింది. నాకు తప్పనే అనిపించేది, ఆ మాట ఆయనతో అంటూనే ఉండేదాన్ని. ఆయన సీజను దాటనీ అంటూనే ఉండేవారు. ఒక సీజను దాటింది, రెండోది వచ్చింది.

ఆ రోజు వేసవి ఎండ మండిపోతోంది. రేవులో పడవలు ఐసు కోసం కాచుకుని ఉన్నాయి. నేను క్యారేజీతో గేటు దగ్గరికి రాగానే వాసన ఈడ్చి కొట్టింది. ఎప్పుడూ గుమ్మం దాకా వెళ్తేగానీ తెలిసేది కాదు, అలాంటిది గేటుకే వచ్చేసింది. లోపల జట్టు కూలీలు ఎర్రబడ్డ కళ్ళతో, మొహాలకి తువ్వాళ్ళు చుట్టుకుని, డబ్బాలు పైకి లాగుతూనే ఉన్నారు. గుమ్మం దగ్గరున్న జట్టు మేస్త్రీ గారిని ఏంటండీ ఈ వాసన అని అడిగాను.

"మాకూ వస్తున్నట్టే ఉందమ్మా. ఆపరేటరు గారు ఏం లేదన్నారండి" అన్నారు ఆ పెద్దాయన, కళ్ళు తుడుచుకుంటూ.

కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని నిలబడ్డాను. మా ఆయన అటు తిరిగి ముల్లు చూస్తున్నారు. చూసి చూసి ఇటు తిరగరే! నేను పిలిస్తే అంతమంది మగాళ్ళ ముందు ఆయన పేరు పోతుందని నాకు తెలుసు. పిలవకపోతే ఏమవుతుందో కూడా తెలుసు. చక్రం హోరులో నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"ఏమండీ, గ్యాసండీ. చాలా ఉంది."

అందరూ ఆగిపోయారు. ఆయన తిరిగి నా మొహం చూశారు. ఇంటికి పో అంటారనుకున్నాను. ఆడదానికేం తెలుసు అని నవ్వేసినా ఆ రోజు అందరూ ఆయన మాటే నమ్మేవారు. ఆయన నమ్మింది నన్ను. ఒక్క అడుగు మిషను దగ్గరికి వేసి దాని తల మీది మూత కేసి చూశారు, వెంటనే కూలీల వైపు తిరిగారు. డబ్బాలు ఎక్కడివక్కడ వదిలేయమన్నారు. గేటు వైపు వెళ్ళకండి, రేవు వైపు వెళ్ళండి, గాలి అటునుంచి వస్తోందన్నారు. గొంతు పెంచలేదు. నన్ను కూడా చుట్టూ తిరిగి అటే వెళ్ళమన్నారు. నేను రేవు వైపు కిటికీ దగ్గరికి చేరేసరికి, మిషను తల మూత కింద ప్యాకింగు చిరిగి, బుస్సుమని తెల్లగా ఎగదన్నింది.

ఆయన తువ్వాలు తొట్టిలో ముంచి ముక్కూ నోరూ కట్టుకున్నారు. అన్నేళ్ళూ నేను చూసిన వరస ఆ రోజు లేదు. ముందుగా స్విచ్చి కట్టేశారు. మిషను నడుస్తుంటే గ్యాసునంతా ఆ చిరుగులోంచే తోసేస్తుందట, గొట్టాలు ఖాళీ చేసే తీరిక లేదని తర్వాత చెప్పారు. చక్రం నెమ్మదిస్తుండగా లాగే వైపు వాల్వు కట్టేశారు. మిగిలింది తోసే వైపుది. అది సరిగ్గా ఆ తెల్లటి పొగ పక్కనే ఉంది. చక్రం ఇంకా తిరుగుతోంది. కట్టేసి బయటికి వచ్చేయొచ్చు కదా అని నా ప్రాణం కొట్టుకుపోతోంది. ఆయన కట్టలేదు. రేవు వైపు తలుపులోకి వచ్చి ఊపిరి తీసుకుని, చక్రం కేసే చూస్తూ నిలబడ్డారు, అచ్చం దసరా నాడు నిలబడ్డట్టే. చక్రం ఆగింది. అప్పుడు ఊపిరి బిగబట్టి లోపలికెళ్ళి, రెండు చేతులతో ఆ వాల్వు చివరిదాకా తిప్పారు. బుస పలచబడింది. బయటికొచ్చి, దగ్గి, మళ్ళీ ఊపిరి పీల్చి, వెనక పక్కకెళ్ళి ట్యాంకు వాల్వు కూడా కట్టేశారు.

తర్వాత కూలీల చేత గొట్టంతో తలుపులోంచి నీళ్ళు చిమ్మించారు. నీళ్ళు గ్యాసుని తాగేస్తాయట. మిషను తల మీద పారే చన్నీళ్ళు మాత్రం కట్టలేదు, కట్టనివ్వలేదు. అంతా కలిపి ఓ కాఫీ తాగేంత సేపు పట్టిందేమో. జట్టులో ఒకాయన దగ్గుతూ మెట్ల మీద కూలబడితే, మా ఆయనే నీళ్ళతో ఆయన కళ్ళు కడిగి, ఆ తర్వాత తన కళ్ళు కడుక్కున్నారు. ఆయన చేతులు చూశాను. వాల్వు తిప్పిన చేతులు ఎర్రగా కమిలి ఉన్నాయి.

షావుకారు గారు బజారు నుంచి రిక్షాలో వచ్చారు. జరిగింది కూలీలు తలో ముక్కా చెప్పారు. నేను కేక వేసిన సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు. జట్టు మేస్త్రీ గారు నా వైపు ఓసారి చూసి తల దించుకున్నారు. ఆపరేటరు గారి పరువు కాపాడడమే మర్యాద అని అందరూ మాట్లాడుకోకుండానే అనుకున్నట్టున్నారు. షావుకారు గారు మా ఆయన రెండు చేతులూ పట్టుకున్నారు.

"మీ ముక్కు చల్లగుండాలండి. ఇంతమంది ప్రాణాలు నిలబెట్టింది" అన్నారు.

అంతే, ఊరుకుంటే సరిపోయేది. ఆ మాటతో ఆయన పేరు నరసాపురంలోనే కాదు, కాకినాడ దాకా పోయుండేది. నేను గోదావరి కేసి చూస్తూ నిలబడ్డాను, నా మొహంలో ఏమీ కనిపించకూడదని.

"నా ముక్కు కాదండి" అన్నారు మా ఆయన. "నాకు వాసన తెలియకుండా పోయి ఏడాది దాటిందండి. పొద్దున వీళ్ళు కళ్ళు మండుతున్నాయంటే, ఏం లేదు పని చేసుకోండని నేనే అన్నానండి. మా ఆవిడ చెప్పబట్టి ఆపాను."

షావుకారు గారు చేతులు వదల్లేదు గానీ, పట్టు సడలింది.

"ఏడాది నుంచీ చెప్పలేదేంటండీ?"

"చెప్తే మిషను దగ్గరికి రానివ్వరు కదండి."

"రానివ్వనండి" అన్నారు షావుకారు గారు. కోపంగా అనలేదు. రేపట్నుంచి రాత్రిపూట మిషను చూసే రెండో ఆపరేటరే పగలూ చూసుకుంటాడని, మా ఆయన బయట కూర్చుని ఐసు అమ్మకం చూసుకోవచ్చని చెప్పారు. మా ఆయన సరేనండి అన్నారు. ఏడాదిపాటు ఏ మాటకి భయపడి ఆ పుల్లలు దాచుకుని తిరిగారో, ఆ మాట వచ్చేసింది. ఆయన నిలబడే ఉన్నారు.

అప్పటికే రేవులో పడవల వాళ్ళు కేకలు వేస్తున్నారు. గడ్డకట్టిన డబ్బాలు లోపల ఉన్నాయి, వాటినైనా తెచ్చుకుంటామని జట్టు మేస్త్రీ గారు అడిగారు. షావుకారు గారు అలవాటు చొప్పున మా ఆయన వైపే తిరిగి, ఇప్పుడు లోపలికి వెళ్ళొచ్చాండీ అన్నారు. అని, తనే నాలిక్కరుచుకున్నారు.

మా ఆయన మాత్రం నా వైపు తిరిగారు.

"నువ్వెళ్ళి గుమ్మం దగ్గర చూసి చెప్పు" అన్నారు, అందరూ వినేలా.

ఇంట్లో నా మాటకి ఎప్పుడూ అంత విలువ ఇచ్చిన మనిషి కాదు. నేను కొంగు బిగించుకుని గుమ్మం దాకా వెళ్ళాను. వెనకాల షావుకారు గారూ, కూలీలూ, పడవల వాళ్ళూ అందరూ నిలబడి నన్నే చూస్తున్నారు. గాలి పీల్చాను. తడి సిమెంటు వాసన, గ్రీజు వాసన, వాటి వెనకాల సన్నగా ఆ ఘాటు.

"ఇంకా ఉందండి" అన్నాను.

"ఉందటండి. ఎవరూ లోపలికి వెళ్ళకండి" అన్నారు మా ఆయన.

ఒక్కరు కూడా కదల్లేదు. షావుకారు గారు అక్కడే మెట్టు మీద కూర్చున్నారు. మా ఆయన నా పక్కకి వచ్చి నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని లోపలికి చూస్తూ ఉన్నారు. ఆ మనిషికి భార్యనైనందుకు నాకు ఆ రోజు కలిగినంత గర్వం ముందెప్పుడూ కలగలేదు. ఆ సంగతి చెప్పే వేళ కాదది. కాసేపాగి, "ఇప్పుడు చూడు" అన్నారు.